పాఠశాల నీటికి లెక్క

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను దాకా నడిస్తే ఎన్నో బడులు కనిపిస్తాయి. ఒక్కో బడిలో రోజుకి ఎన్ని నీళ్లు ఖర్చవుతాయి? అడిగితే "బిల్లు చూసుకోండి" అంటారు. బిల్లు చాలదు. ఎందుకో చూద్దాం.

మన నగరంలో చాలాచోట్ల నల్లా రోజంతా రాదు. వచ్చినప్పుడు సంపు నింపుకొని, మోటారుతో పై ట్యాంకుకి ఎక్కిస్తాం. మీటరు సంపులో పడిన నీటినే లెక్కిస్తుంది గాని, పిల్లలు వాడినదెంతో చెప్పదు. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు దాని లెక్కలోకే రావు. కనుక కొలవవలసింది పై ట్యాంకు దగ్గర.

పద్ధతి తేలిక. ట్యాంకు పొడవు, వెడల్పు కొలవండి. మోటారు ఆపి, మట్టం ఎంత దిగిందో కర్రతో చూడండి. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల ట్యాంకులో 1 సెంటీమీటరు దిగితే 60 లీటర్లు పోయినట్లు. బడి విడిచాక ఒకసారి, మర్నాడు తెరవకముందు ఒకసారి చూడాలి. రాత్రి ఎవరూ వాడరు గనక, దిగినదంతా కారిపోయినదే.

అబిడ్స్‌లో ఒక బడిలో నేనిలాగే కొలిచాను. పగటి వాడకాన్ని పిల్లల సంఖ్యతో భాగిస్తే తలకి 12 లీటర్లే వచ్చింది. పగటి బడులకు ఐ.ఎస్. 1172 ప్రమాణం 45 లీటర్లు. ఎంత పొదుపో అని మురిసిపోయాను. అక్కడి ఆయా నవ్వింది.

"పొదుపు కాదు సార్! మధ్యాహ్నం దాటితే నల్లాలల్ల నీళ్లుండయి. బాత్రూంకు పోవాల్సొస్తదని ఆడపిల్లలు పొద్దంత మంచినీళ్లే తాగరు."

ఆ రాత్రి మట్టం 20 సెంటీమీటర్లు దిగింది. అంటే 1,200 లీటర్లు! రెండు ఫ్లష్ ట్యాంకుల్లో రబ్బరు వాషర్లు అరిగి, చప్పుడు లేకుండా కారిపోతున్నాయి. అక్కడ మోటారు సాయంత్రం ఒక్కసారే వేస్తారు. అంటే రాత్రి కారినవి మర్నాటి మధ్యాహ్నం ఆ ఆడపిల్లలకు అందవలసిన నీళ్లే.

వాషర్లు మార్పించాం. తలసరి లెక్క కొంచెం పెరిగింది. అది దుబారా కాదు, అవసరం తీరడం. మోటారు రెండోసారి వేయించే పని ఇంకా మిగిలే ఉంది.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఈ నగరానికి ఎన్నో ఏళ్లు నీళ్లిచ్చాయి. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తున్నాయి. అంత దూరం వచ్చినవి, బడి గోడల మధ్య పిల్లలకు అందకుండా పోరాదు.

మిత్రులారా! మీరు చదువుకున్న బడికి ఒక సాయంత్రం వెళ్లండి. ఒక కర్ర, ఒక టేపు చాలు. లెక్క వేసే ముందు మాత్రం ఆయాని అడగడం మరవకండి.