దాగుటకు చోటు లేని మేళము

అమెరికాలో రాచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయమున ఫ్రెడరిక్ ఫెనెల్ అను ఆచార్యుడు 1952వ సంవత్సరమున విద్యార్థులతో సుషిరవాద్య బృందము నొకదానిని నెలకొల్పెను. అంతవరకు పెద్ద బ్యాండులలో ఒకే స్వరవరుసను పలువురు కలసి వాయించెడివారు; ఒకరి తప్పు పదిమందిలో మరుగుపడెడిది. ఫెనెల్ సాధారణముగా వరుసకు ఒక్కరినే నియమించెను. ఇక దాగుటకు చోటు లేదు. ఎవరి స్వరమునకు వారే బాధ్యులైరి.

ఇట్టి మేళమునకు తగిన కృతులు నాడు అరుదు. అందువలన ఆయన సుమారు 400 మంది స్వరకర్తలకు లేఖలు వ్రాసి నూతన కృతులను కోరెను. పూర్వమెవరును వాయింపని కృతికి అనుకరింపదగిన మాదిరి యుండదు. విద్యార్థులు వ్రాతను చూచి, ఒకరినొకరు విని, దాని యందమును తామే కనుగొనవలెను. తన పాలు తాను నెరవేర్చుచు తోడివారిని ఆలకించుట సంఘజీవనమునకు సైతము శ్రుతి వంటిది.