ఎముకల మందు మానేముందు, మార్చేముందు

ఎముకలు గుల్లబారే వ్యాధి, అంటే ఆస్టియోపొరోసిస్, ఎముక విరిగేదాకా నొప్పి పెట్టదు. దానికి వాడే మందు పనిచేస్తున్నదీ లేనిదీ కూడా ఒంటికి తెలియదు. నొప్పి తగ్గగానే మందు మానుకోవడం మనలో చాలామందికి అలవాటు. జలుబు, దగ్గుల విషయంలో ఆ అలవాటు చెల్లుతుందేమో గాని, ఈ వ్యాధిలో అది వెన్నుపూసల మీదికి తెస్తుంది. మందులన్నిటినీ ఒకే తీరున మానడానికి వీలు లేదన్న సంగతి పెద్దవారితో పాటు వారిని చూసుకునే పిల్లలకూ తెలిసి ఉండాలి.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కొడుకు బెంగళూరులో ఉద్యోగి. డెబ్బై దాటిన తల్లి సగం కాలం అతని దగ్గర, సగం కాలం మదనపల్లె దగ్గరి సొంత ఊళ్ళో గడుపుతుంది. మణికట్టు విరిగిన తరువాత ఆమెకు ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. డిసెంబరులో నాలుగవది వేశారు. జూన్‌లో వేయవలసిన దానికి ముందే, మే నెలలో, ఆమె పెళ్ళికని ఊరికి వెళ్ళింది. కొడుకు గుర్తు చేస్తే, “నొప్పేమీ లేదు కదరా, దసరా వెళ్ళాక వచ్చి వేయించుకుంటాలే” అన్నది. అక్టోబరులో నీళ్ళ బిందె ఎత్తబోతే నడుము పట్టేసింది. ఎక్స్‌రే తీస్తే రెండు వెన్నుపూసలు అణగిపోయి కనిపించాయి. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. ఆ ఇంజెక్షన్ స్వభావం ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు, అంతే.

ఎముక రాయిలాంటి జడపదార్థం కాదు. కొన్ని కణాలు పాత ఎముకను తొలుస్తూ ఉంటాయి, మరికొన్ని ఆ గుంటలను కొత్త ఎముకతో పూడుస్తూ ఉంటాయి. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో తొలిచే పని పెరిగి, పూడ్చే పని వెనకబడుతుంది. వయసు మళ్ళిన పురుషులకూ ఈ వ్యాధి వస్తుంది. డెక్సా స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 2.5 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే వ్యాధి ఉన్నట్లు లెక్క. నిలుచున్న ఎత్తు నుండి పడినంతమాత్రాన తుంటి గాని వెన్నుపూస గాని విరిగితే, స్కోరు ఎలా ఉన్నా చికిత్స గురించి ఆలోచించవలసిందే.

సాధారణంగా మొదట ఇచ్చేవి బిస్ఫాస్ఫోనేట్లు. వీటిలో వారానికొకసారి మింగే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికొకసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆసిడ్ ముఖ్యమైనవి. మాత్రను తెల్లవారి పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆపై అరగంటపాటు పడుకోరాదు, కాఫీ టిఫిన్లు ముట్టరాదు. లేచీ లేవగానే ఫిల్టర్ కాఫీ తాగే అలవాటున్న ఇళ్ళలో ఈ అరగంటే పెద్ద పరీక్ష! కాఫీతో మింగిన మాత్ర చాలావరకు ఒంటబట్టదు. కాల్షియం మాత్రను కూడా దీనితో కలపకుండా, రోజులో మరో వేళకు ఉంచుకోవాలి. జోలెడ్రోనిక్ ఆసిడ్ మొదటిసారి ఎక్కించినప్పుడు రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. వాటికి బెదిరి మరుసటి ఏడాది మానుకునేవారున్నారు, కాని రెండవసారి ఆ బాధ సాధారణంగా తగ్గుతుంది.

ఈ మందులు ఎముకకు అంటుకుని ఏళ్ళ తరబడి అందులోనే నిలుస్తాయి. అందువల్లనే, ప్రమాదం తక్కువగా ఉన్నవారికి మాత్రలు ఐదేళ్ళు, సెలైన్ మూడేళ్ళు వాడాక వైద్యులు కొంతకాలం విరామం ఇవ్వగలుగుతారు. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో, ఐదేళ్ళు అలెండ్రోనేట్ వాడిన స్త్రీలలో కొందరికి మందు కొనసాగించి, కొందరికి ఆపి, మరో ఐదేళ్ళు గమనించారు. తుంటి, మణికట్టు వంటి ఎముకలు విరగడంలో పెద్ద తేడా కనిపించలేదు. నొప్పితో బయటపడే వెన్నుపూస విరుగుళ్ళు మాత్రం మందు ఆపినవారిలో ఎక్కువయ్యాయి. కాబట్టి అంతకుముందే తుంటి గాని వెన్ను గాని విరిగినవారికి విరామం సాధారణంగా తగదు. విరామం ఇచ్చినా అది శాశ్వతం కాదు. ఒకటి రెండేళ్ళకొకసారి, వీలైతే అదే యంత్రం మీద, డెక్సా తీయించుకుంటూ ఉండాలి.

డెనోసుమాబ్ సంగతి పూర్తిగా వేరు. అది ఎముకలో నిలవదు. ఎముకను తొలిచే కణాలు పుట్టకుండా చేసే ఒక ప్రతిరక్షక పదార్థం అది. చెరువు తూము తలుపు మూసి ఉన్నంతకాలం నీరు ఆగుతుంది. తలుపు ఎత్తగానే అంతదాకా నిలిచిన నీరంతా ఒక్కసారిగా దూకుతుంది. ఆరు నెలలు దాటి మందు బలం తగ్గగానే తొలిచే కణాలు అదే ఉరవడితో విరుచుకుపడతాయి. ఇన్నేళ్ళుగా కూడిన ఎముక సాంద్రత ఒకటి రెండేళ్ళలో కరిగిపోతుంది. కొందరిలో ఒకటి కాదు, రెండు మూడు వెన్నుపూసలు వరుసగా అణగిపోతాయి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల ఇంజెక్షన్లు ఆగిపోయినప్పుడు, కిందటి మోతాదు నుండి ఏడు నెలలు దాటనివ్వవద్దని, వీలుకాకపోతే తాత్కాలికంగా మాత్రలైనా ఇవ్వడం ఆలోచించాలని ఎముకల వైద్య సంఘాలు కలిసి సూచించాయి. లాక్‌డౌన్ పోయినా ఆ సూచన విలువ పోలేదు.

అంటే డెనోసుమాబ్‌ను మానరాదని కాదు, ఒంటరిగా మానరాదని. చివరి ఇంజెక్షన్ బలం తీరే వేళకు, ఆరు నెలల దగ్గర, అలెండ్రోనేట్ గాని జోలెడ్రోనిక్ ఆసిడ్ గాని అందుకోవాలి. కొందరికి రక్తపరీక్షలతో గమనిస్తూ రెండవసారి కూడా ఇవ్వవలసి వస్తుంది. మొదలుపెట్టే రోజే “దీన్ని ఆపవలసి వస్తే తరువాత ఏమి ఇస్తారు?” అని డాక్టరుగారిని అడగండి. రెండు ఊళ్ళ మధ్య తిరిగే పెద్దలకు, మూత్రపిండాలు బాగుంటే, ఏడాదికొకసారి వేసే మందే ఎక్కువ అనుకూలమని నా అభిప్రాయం. తేదీ కొంచెం తప్పినా అంత ముప్పు లేదు.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి బిస్ఫాస్ఫోనేట్లు పనికిరాకపోవచ్చు. అటువంటప్పుడు డెనోసుమాబ్ వైపు మొగ్గుతారు. కాని వారిలోనే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఎక్కువ కనుక, ముందుగా కాల్షియం, విటమిన్ డి పరీక్షించి సరిచేయాలి. రాగి సంగటి మంచిదే, కాని ఆ లోటును అదొక్కటే తీర్చలేదు.

మందు మార్చాలన్న తొందర కూడా ఒక్కొక్కసారి పొరపాటే. వాడుతుండగా ఒక ఎముక విరిగినంతమాత్రాన మందు ఓడిపోయినట్లు కాదు. సరిగా వేసుకున్నారా, విటమిన్ డి చాలినంత ఉందా అన్నది ముందు చూస్తారు. రెండవసారి విరిగినా, సాంద్రత బాగా పడిపోతున్నా, కడుపులో మంట భరించలేకపోయినా మార్పు సమంజసం. ప్రమాదం మరీ ఎక్కువైనవారికి కొత్త ఎముకను పెంచే టెరిపారటైడ్‌ను రోజూ ఇంజెక్షన్‌గా, సాధారణంగా రెండేళ్ళకు మించకుండా ఇస్తారు. అది ముగిశాక ఆ ఎముకను నిలబెట్టే మరో మందు తప్పనిసరి. ఇక్కడ వరుస కూడా ముఖ్యమే. డెనోసుమాబ్ నుండి నేరుగా టెరిపారటైడ్‌కు మారితే కొంతకాలం, ముఖ్యంగా తుంటిలో, ఎముక తగ్గుతుంది.

పళ్ళ సంగతి ఒకటున్నది. ఈ మందుల వల్ల దవడ ఎముక మానకుండా పోవడం అరుదు. అయినా మొదలుపెట్టేముందే పీకవలసిన పన్ను పీకించుకోవడం మేలు. తరువాత దంతవైద్యుడు ఇంజెక్షన్ ఆపమంటే, ఎముకల డాక్టరుతో మాట్లాడకుండా ఆపకండి. ఏళ్ళ తరబడి వాడినవారికి గజ్జల్లో గాని తొడలో గాని కారణం లేకుండా నొప్పి వస్తే వెంటనే చెప్పాలి. అరుదుగా తొడ ఎముకకు పగులు అలా మొదలవుతుంది.

ఊరు మారినప్పుడు డాక్టరూ మారుతాడు, చీటీ భాషా మారుతుంది. ఒకే మందు పలు బ్రాండ్ల పేర్లతో వస్తుంది కనుక, పెట్టె మీద చిన్న అక్షరాలలో ఉండే అసలు పేరును, చివరిగా వేసిన తేదీని, వేయవలసిన తేదీని ఒక కాగితం మీద రాసి డెక్సా నివేదికతో పాటు పెద్దవారి సంచిలో ఉంచండి. ప్రయాణం తేదీతో ఇంజెక్షన్ తేదీ తగిలితే అవతలి ఊరి డాక్టరుకు ముందుగానే ఫోన్ చేయండి. మందు వెంట తీసుకుపోవాలంటే అది 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలని మరువకండి.

తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే వచ్చే ప్రయాణందాకా ఆగక ఈ వారమే డాక్టరును కలవండి. తేదీ దాటినవారికి హఠాత్తుగా నడుమో వీపో నొప్పి పుడితే, పుత్తూరు కట్టుకో మాలిష్‌కో వెళ్ళకముందే వెన్ను ఎక్స్‌రే తీయించండి.