ఆయన ఆస్పత్రికి రానంటే?

ప్రశ్న: గనేరియాకు మందులు వాడాను, తగ్గింది. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మావారు తనకేమీ లేదంటారు, ఆస్పత్రికి రారు. – ఒక సోదరి, శాలిబండ

జవాబు: అమ్మా, లక్షణాలు లేకపోయినా ఆయనలో క్రిములు ఉండొచ్చు. ఆయనకు వైద్యం జరగకపోతే మీకు మళ్లీ అంటుకోవచ్చు. తప్పు మీ మందులది కాకపోవచ్చు. ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో ఉచితంగా ఇచ్చే బూడిదరంగు మందుల కిట్‌లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి. ఆయన వస్తే మంచిదే. కానీ రోజుకూలీ పోతుందని, బస్తీలో ఎవరైనా చూస్తారని జంకే మగవాళ్లు ఎందరో! వాళ్లకోసం వైద్యం ఆపుకుని కూర్చోలేం. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో, భాగస్వామికి మందు పంపే ఏర్పాటున్న వారిలో గనేరియా 3 శాతం మందికే మళ్లీ కనిపించింది. భాగస్వామినే ఆస్పత్రికి రమ్మనే మామూలు పద్ధతిలో 11 శాతం. అందుకే ఆయనకు మందు పంపే సంగతి డాక్టర్‌నే అడగండి.

మనిషిని చూడకుండా మందేమిటని కొందరి అభ్యంతరం. అది న్యాయమైనదే: మందులు పడనివాళ్లుంటారు, సిఫిలిస్‌కైతే ఇంజెక్షన్ కావాలి, హెచ్‌ఐవీ పరీక్ష తప్పిపోతుంది. కాబట్టి ఆయనకు ఏ మందు పడదో డాక్టర్‌కు ముందే చెప్పండి, జాగ్రత్తలు చీటీ మీద రాయించుకోండి. మందుల షాపులో అడిగి మాత్రం కొనకండి. ఇద్దరూ మందు వేసుకున్నాక 7 రోజులు కలవకండి. మీరు గర్భవతైతే వెంటనే పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రిలో చూపించుకోండి. సందేహాలుంటే హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.