ఫిలిప్పీన్స్ పండుగల్లో చైనా ముద్ర

ప్రపంచంలోకెల్లా పాత చైనాటౌన్‌గా పేరున్నది ఏది? శాన్‌ఫ్రాన్సిస్కో అని టిక్కు పెడితే మార్కు పోయినట్టే. జవాబు మనీలాలోని బినోండో. క్రైస్తవం పుచ్చుకున్న చైనీయుల కోసం స్పానిష్ పాలకులు దాన్ని 1594లో ఏర్పాటు చేశారు. ఫిలిప్పీన్స్ చైనీయుల్లో ఎక్కువమంది మూలాలు చైనాలోని ఫుజియాన్ ప్రాంతంలోనివి.

చైనా కొత్త సంవత్సరానికి తికోయ్ ఉండాల్సిందే. జిగురు బియ్యప్పిండి, పంచదార కలిపి ఆవిరిపై ఉడికిస్తారు; ముక్కలు కోసి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి వేయిస్తారు. పిల్లలకు ఎర్ర కవర్లలో ఇచ్చే డబ్బు ‘అంపావ్’. 2012 నుంచి ఈ పండుగకు దేశమంతటా సెలవు.

అసలు విశేషం మాత్రం చైనా పండుగ కాని డిసెంబరు 31 రాత్రిది. చైనా మూలాలు లేని కుటుంబాలు కూడా బల్లపై 12 గుండ్రటి పళ్లు పేరుస్తాయి, నెలకొకటి చొప్పున. చుక్కల బట్టలూ వేసుకుంటారు. గుండ్రనిది నాణేనికి గుర్తు మరి!