ఫోటో "బాగుంది" అంటే సరిపోతుందా?



సెలవులకు ఇంటికి వెళ్ళొచ్చినప్పుడు మనలో కొందరు ఫోన్లో తీసిన ఫోటోలు కడిగించి తెస్తారు. చూసినవాళ్ళు "సూపర్ రా!" అంటారు. లేకపోతే "ఏం బాలేదు" అని నవ్వుతారు. ఈ రెండు మాటల వల్లా తీసినవాడికి ఒక్క ముక్క కూడా తెలియదు. బాగుంటే ఎందుకు బాగుందో, బాగోకపోతే ఏం చేస్తే బాగుంటుందో చెప్పడమే విమర్శ. లెక్క ఏ మెట్టులో తప్పిందో సారు ఎర్ర సిరాతో చూపిస్తారు కదా, ఇదీ అలాంటిదే.

అడిగేవారికి

1. "ఎలా ఉంది?" అని ఊరికే అడగవద్దు. మీరు ఏం చూపించాలనుకున్నారో చెప్పి అడగండి. ఉదాహరణకు: "ధింసా ఆడేవాళ్ళ వరస చూపించాలనుకున్నాను. చేతులు అలికినట్లు వచ్చాయి. ఎందుకు?" ఇలా అడిగితే జవాబు దొరుకుతుంది.

2. ఏ వేళప్పుడు తీశారు, ఎండ ఏ పక్క నుంచి వస్తోంది, ఎంత దూరం నుంచి తీశారు - ఇవి కూడా చెప్పండి.

3. పది ఫోటోలు ఒకేసారి చూపించవద్దు. ఒకటి ఎంచుకోండి.

4. చెప్పేవాళ్ళ మాట పూర్తిగా వినండి, మధ్యలో వాదించవద్దు. ఒక్కరే అంటే అది వారి ఇష్టం కావచ్చు. నలుగురూ అదే మాట అంటే ఆలోచించాలి.

చెప్పేవారికి

1. మీ చూపు ముందుగా ఎక్కడికి పోయిందో చెప్పండి. తీసినవాడు తమ్ముడి నవ్వు చూపించాలనుకుంటే, మీ చూపు వెనక దండెం మీది బట్టల మీదికి పోయిందనుకోండి. ఆ మాట చెప్తే చాలు. ఈసారి రెండడుగులు పక్కకు జరిగి తీస్తాడు.

2. బాగున్నదాన్ని కారణంతో చెప్పండి. "పొద్దున ఎండ ఏటవాలుగా పడింది, అందుకే బుట్ట అల్లిక స్పష్టంగా కనిపిస్తోంది" అనండి.

3. లోపం చెప్తే ఉపాయం కూడా చెప్పండి. పైన అడిగిన ధింసా ఫోటోనే చూద్దాం. వెలుతురు తక్కువైతే కెమెరా తన షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 30వ వంతు తెరిచి ఉన్నా, ఆ లోపలే చెయ్యి కదిలిపోతుంది. 250వ వంతులో మూసుకుంటే చాలావరకు స్పష్టంగా వస్తుంది. కాబట్టి "పొద్దు ఉండగానే తియ్యి" అన్నది పనికొచ్చే సలహా.

4. ఫోటోను విమర్శించండి, ఫోటోలోని మనిషిని కాదు.

ఈ నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. గుమ్మంలో కూర్చున్న అవ్వను ఇంటి లోపలి నుంచి తీస్తే, వెనక ఎండ, ముందు చీకటి. కెమెరా ఆ ఎండను చూసి మొత్తం వెలుతురు తగ్గించేస్తుంది. ముఖం మసకబారుతుంది. అప్పుడు "మీ అవ్వ ఎంత నల్లగా ఉందిరా" అని నవ్వడం విమర్శ కాదు, అవమానం. అసలు తప్పు వెలుతురుది. అవ్వను బయటి నీడలో కూర్చోబెట్టి తియ్యాలి. లేదా ఫోన్ తెర మీద అవ్వ ముఖాన్ని వేలితో తాకితే ఫోన్ ఆ ముఖానికి తగ్గట్టు వెలుతురు సరిచేసుకుంటుంది.

ఇంకో సంగతి తెలుసుకోండి. రంగు ఫోటోలు కడిగే చోట రంగులు సరిచూసుకోవడానికి అమెరికాలోని కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఒక నమూనా ఫోటో పంపేది. దాన్ని "షర్లీ కార్డు" అనేవారు. చాలా ఏళ్ళు అందులో ఉన్నది తెల్లజాతి స్త్రీయే. ఆమె ముఖం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టే లెక్క! దానివల్ల నల్లని ముఖాలు సరిగ్గా వచ్చేవి కావు. వేరు వేరు రంగుల స్త్రీలున్న కార్డు 1990లలో గానీ రాలేదు. చూశారా, లోపం మన ముఖాల్లో లేదు, కొలతలో ఉంది! ఆ కొలత పట్టుకుని మనల్ని మనమే వెక్కిరించుకోవడం తగునా?

అందుకే ఒక మనవి. ఈ పత్రిక పక్కన ఫోటో అంటించేవారు, ముందు ఆ ఫోటోలోని వారిని అడిగి అంటించండి. కింద ఒక ప్రశ్న రాయండి. చూసినవారు ఒక మంచి, ఒక ఉపాయం రాసి, మీ పేరు, తరగతి కూడా రాయండి. పేరు రాయడానికి భయపడే మాట అయితే, అది రాయకపోవడమే మంచిది.