ప్రేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో కడుపు కడిగిన నీటిని ఎందుకు పరీక్షిస్తారు?

పెద్ద ప్రేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన తరువాత కొందరి రిపోర్టులో, కడుపు కడిగిన నీటిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయని వస్తుంది. ఆ మాట వినగానే సైదాబాద్, మలక్‌పేట చుట్టుపక్కల కుటుంబాలవారు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న: "కత్తి పెట్టబట్టే పాకిందా, సిస్టర్?" ఈ భయంతోనే కొందరు ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేస్తారు. ఈలోగా గడ్డ పెరుగుతుంది.

ఆ నీళ్లు ఎప్పుడు తీస్తారో తెలిస్తే ఈ అనుమానం తీరుతుంది. పొట్ట తెరిచిన వెంటనే, గడ్డను ఇంకా కదిలించకముందే, సర్జన్ లోపల కొంత సెలైన్ పోసి, మెల్లగా కలియబెట్టి, సిరంజితో తిరిగి లాగుతారు. కనుక అందులో దొరికిన కణాలు కత్తి పెట్టకముందు నుండీ ఉన్నవే. ల్యాబ్‌లో ఆ నీటిని యంత్రంలో వేగంగా తిప్పితే కణాలు అడుగుకు చేరతాయి. వాటిని గాజు స్లైడుపై పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. దీనినే సైటాలజీ అంటారు.

అసలు కణాలు అక్కడికి ఎలా వస్తాయి? క్యాన్సర్ ప్రేగు లోపలి పొరలో పుడుతుంది. గోడను తొలుచుకుంటూ బయటి పొర దాకా వస్తే, అక్కడి నుండి కణాలు కడుపులోకి రాలవచ్చు. రాలిన ప్రతి కణమూ మొలవదు. ఇంగ్లండు సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లోనే క్యాన్సర్ కణాన్ని విత్తనంతో పోల్చి, తగిన నేల దొరికితేనే అది పెరుగుతుందని వ్రాశారు. వ్యవసాయం తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అయినా కణాలు కనిపించినవారిలో జబ్బు తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువే. అందుకే డాక్టరు కీమోథెరపీ గురించి గట్టిగా చెబుతారు.

కణాలు లేవని వచ్చినా పూర్తి హామీ కాదు. కొద్ది కణాలు ఆ నీటిలో దొరకకపోవచ్చు. వాపు వచ్చిన మామూలు కణాలు కూడా ఒక్కోసారి క్యాన్సర్ కణాల్లాగే కనిపిస్తాయి. ఈ కారణాల వల్ల ఈ పరీక్షను అన్ని ఆసుపత్రులలోనూ చేయరు. మీవారికి చేయలేదంటే నిర్లక్ష్యం జరిగిందని అనుకోకండి.

ఇంకొక మాట. జీర్ణాశయ క్యాన్సర్‌లో ఇలా కణాలు దొరికితే 4వ దశగా లెక్కిస్తారు. పెద్ద ప్రేగు విషయంలో దశను నిర్ణయించేది గడ్డ ఎంత లోతుకు పోయింది, ఎన్ని లింఫు గ్రంథులకు సోకింది, ఇతర అవయవాలకు పాకిందా అనే విషయాలే. పక్క మంచంవారి రిపోర్టుతో పోల్చుకుని ఏడ్చేవారిని చూస్తుంటాము. దయచేసి పోల్చకండి.

కడుపులో వేడి మందు పోసే చికిత్స గురించి ఎవరో చెప్పగా విని, బంగారం తాకట్టు పెట్టడానికి సిద్ధపడేవారూ ఉన్నారు. ఫ్రాన్సులో కడుపులోకి క్యాన్సర్ పాకిన 265 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. గడ్డలన్నీ తీసివేశాక ఆక్సాలిప్లాటిన్ అనే మందును వేడిగా పోసినందువల్ల ఆయుష్షు పెరగలేదు. కాబట్టి అప్పు చేసే ముందు, మీవారికి అది ఎందుకు అవసరమో క్యాన్సర్ డాక్టరును అడగండి. ఆపరేషన్, కీమోథెరపీ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో ఉన్నాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

డిశ్చార్జి రోజున బయాప్సీ, సైటాలజీ రిపోర్టులు రెండూ అడిగి తీసుకోండి. కీమోథెరపీ అవసరమంటే సాధారణంగా 6 నుండి 8 వారాలలోపు మొదలుపెడతారు. పుండు మానిందా లేదా చూపించుకోవడానికి వచ్చినప్పుడే ఆ తేదీ అడగండి. మొదటి 2 సంవత్సరాలు 3 నుండి 6 నెలలకొకసారి సి.ఇ.ఎ. రక్తపరీక్ష, డాక్టరు చెప్పిన ప్రకారం స్కానింగ్ చేయించాలి. మధ్యలో కడుపు ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా, గ్యాసు పోకపోయినా తేదీ కోసం చూడకుండా వెంటనే తీసుకురండి.