చీర పటములు: ఏ ఫైలు దాచవలెను, ఏ ఫైలు పంపవలెను

పూర్వము వర్తకుడు మన గడపకు వచ్చి, చీర మడత విప్పి, వెలుతురులో పట్టి చూచి బేరము చేసెడివాడు. నేడు సేలములో నేసిన చీరను హైదరాబాదులోని గృహిణి ఫోను తెరపై చూచి కొనుచున్నది. ఆమె కంటికి కనబడునది బట్ట కాదు, పటము. పటములో రంగు తప్పినచో మనము మాట తప్పినట్లే.

మా ఇంట జరిగినది చెప్పెదను. మెరూన్ రంగు చీరల పటమును జేపెగ్ ఫైలుగానే ఉంచుకొని, మూడుసార్లు కాంతి పెంచి, మూడుసార్లు భద్రపరచితిమి. తుదకు మెరూన్ ఎరుపుగా కనబడెను. ఆరు చీరలు తిరిగి వచ్చినవి. సరిదిద్దుదమనుకొంటే, చోటు చాలలేదని రా ఫైలును అదివరకే చెరిపివేసి యుంటిమి. ఆ పొరపాటు మరియొకరికి రాకుండుటకే ఈ పాఠము.

1. రా ఫైలు: రంగు వేయని నూలు

కెమెరా పట్టిన వెలుతురు లెక్కలను వండి వార్చక దాచునది రా ఫైలు. పేరు చివర కేనన్ కొత్త కెమెరాలలో సి.ఆర్.3 అనియు, నికాన్‌లో ఎన్.ఇ.ఎఫ్. అనియు, సోనీలో ఎ.ఆర్.డబ్ల్యు. అనియు ఉండును. అడోబీ సంస్థ 2004లో ప్రకటించిన డి.ఎన్.జి. కూడ ఈ జాతిదే.

జేపెగ్‌లో ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లు మాత్రమే. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు. రా ఫైలు తెల్ల నూలు చిలప వంటిది. కావలసిన రంగు అద్దుకొనవచ్చును. జేపెగ్ అద్దకము ముగిసిన నూలు. దానిపై మరల రంగు వేసిన మచ్చలు తేలును.

డార్క్‌టేబుల్, రా థెరపీ అను ఉచిత సాధనములు మూల ఫైలును తాకక, మన దిద్దుబాట్లను వేరుగా వ్రాసికొనును. ఎన్నిసార్లు దిద్దినను మూలము చెడదు.

2. టిఫ్: మగ్గము మీది బట్ట

దిద్దిన పటమును వేరొక సాధనములో ఇంకను దిద్దవలసియున్న, 16 బిట్ల టిఫ్‌గా తీయవలెను. ఇందులో వివరము నష్టము కాదు. కాని బరువెక్కువ. 6000 × 4000 చుక్కల పటములో 2.4 కోట్ల చుక్కలు, చుక్కకు మూడు రంగులు, రంగుకు రెండు బైట్లు, వెరసి 14.4 కోట్ల బైట్లు, అనగా 144 మెగాబైట్లు. కావున పని ఉన్నపుడే తీయుడు. ప్రతి పటమునకు అక్కరలేదు.

3. జేపెగ్: మడత పెట్టిన సరుకు

జేపెగ్ కంటికి అంతగా తెలియని వివరమును వదలి ఫైలును చిన్నది చేయును. దిద్ది భద్రపరచిన ప్రతిసారి మరికొంత పోవును. అంతేగాక, కాంతి వివరమును పూర్తిగా ఉంచి, రంగు వివరమును పలుమార్లు నాలుగు చుక్కలకు ఒకటిగా సగటు చేయును. అందుచేతనే పచ్చ చీర మీది సన్నని ఎర్ర అంచు గీత మసకబారును. నాణ్యత 90కి తగ్గకుండ ఉంచి, ఆ అంచును పెద్దది చేసి చూచుకొనవలెను. జేపెగ్‌ను ఎన్నడును మరల దిద్దరాదు. మార్పు కావలసిన రా ఫైలుకే పోయి, క్రొత్త జేపెగ్ తీయవలెను.

4. కొలతలు

ఫోను తెరకు: పొడవు వైపు 2000 చుక్కలు సాధారణముగా చాలును. వర్ణ ప్రమాణము ఎస్.ఆర్.జి.బి. ఉండవలెను. అడోబీ ఆర్.జి.బి.లో పంపిన పటము కొన్ని తెరలపై వెలిసినట్లు కనబడును.

అచ్చునకు: అంగుళమునకు 300 చుక్కలు. 12 × 8 అంగుళముల బొమ్మకు 3600 × 2400 కావలెను. 6000 చుక్కల పటము 20 అంగుళముల వరకు నిలుచును. చిన్న పటమును సాగదీసి పెద్దది చేయుట వ్యర్థము. బట్టను సాగదీసినంత మాత్రాన పోగులు పెరుగవు గదా!

సన్నని చారలు, గళ్లు ఉన్న బట్టల పటమును చిన్నది చేసినపుడు, నేతలో లేని అలలు పుట్టవచ్చును. చిన్నది చేసిన పిదప ఒకసారి పరికించి పంపవలెను.

అచ్చువారికి వాట్సాప్‌లో పంపునపుడు మామూలు ఫొటోగా కాక, డాక్యుమెంటుగా పంపుడు. ఫొటోగా పంపినది కుదించబడును.

5. దాచు పద్ధతి

ఒక్కొక్క చీరకు ఒక సంచిక పెట్టి, రా ఫైలును, దిద్దుబాటు ఫైలును రెండు వేర్వేరు డిస్కులలో దాచవలెను. చోటు చాలనపుడు తీసివేయవలసినవి జేపెగ్‌లు. అవి గడియలో మరల వచ్చును. జకార్డు అట్టలు మన ఇంట ఉన్నంతకాలము ఆ బుటా మరల నేయగలము. రా ఫైలు కూడ అట్టల వంటిదే. చీర అమ్ముడై వెళ్లిపోయిన పిదప, దాని నిజమైన రంగునకు మన దగ్గర మిగులు సాక్ష్యము అదొక్కటే.